మీకు 45 రోజులు, వారికి సముచిత కాలం

విశాఖ బీచ్‌రోడ్డులో పొద్దుటి నడక ముగించి టిఫిన్ బండి దగ్గర చేరిన పెద్దమనుషులు రోజూ ఒకటే పాట: తప్పుచేసిన ఎమ్మెల్యేని అడిగే దిక్కు లేదట. ఇది అపవాదు. దారులు బోలెడున్నాయి. ఓటరుకు లేనిది క్రమశిక్షణ, ముఖ్యంగా క్యాలెండరు చూసే అలవాటు.

ముందు ఫారం 26 అఫిడవిట్ చదవండి. నామినేషన్‌తో పాటు ఇస్తారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పెండింగ్ కేసులు, భార్య పేరిట బంగారం, ఎండాడలో స్థలం, బ్యాంకు బాకీ అన్నీ అందులో ఉండాలి. గడి ఖాళీగా వదిలితే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని తెలివైన అభ్యర్థి ఏ గడీ ఖాళీగా వదలడు. ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాసేస్తాడు. అది అబద్ధమని తేలితే? ఆ కారణంతో రిటర్నింగ్ అధికారి నామినేషన్ కొట్టేయలేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద మీరే కోర్టుకెక్కాలి. రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మామూలు కేసుల్లో సభ్యత్వం పోవాలంటే కనీసం రెండేళ్ల శిక్ష పడాలి గనుక, ఆ ఆరు నెలల వల్ల పదవికి ఢోకా లేదు. ఖాళీ ప్రమాదం, అబద్ధం క్షేమం. అభ్యర్థుల లాయర్లకు ఈ తేడా కంఠతా వచ్చు.

తర్వాత ఖర్చు లెక్కలు. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. దాటినట్టు రుజువైతే ఎన్నికే రద్దు కావచ్చు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి, అంటే మహారాణిపేటలోని కలెక్టరు గారికి, అందజేయాలి. ఒక్క రూపాయి రుసుము కట్టి ఎవరైనా వాటిని చూడొచ్చని నిబంధన. చిల్లర పట్టుకెళ్లండి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఎన్నిక చెల్లదంటూ హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయడానికి గడువు ఫలితం నుంచి 45 రోజులు. అభ్యర్థి ఆఖరి రోజున లెక్కలిచ్చాడనుకోండి, మీ చేతిలో మిగిలేది 15 రోజులు. ఈలోగా షామియానాకు, బిర్యానీ ప్యాకెట్‌కు చూపించిన రేట్లు ఎంతవరకు నమ్మదగ్గవో తేల్చుకోవాలి, లాయర్ని పట్టుకోవాలి, పొద్దున్నే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయవాడలో దిగి నేలపాడు హైకోర్టుకు చేరాలి. 2,000 రూపాయల డిపాజిట్ కట్టాలి. ప్రతివాదులు ఎందరో అన్ని నకళ్లు, ప్రతి నకలు మీదా ఇది అసలుకు సరైన నకలేనని మీ సొంత సంతకం. అవినీతి ఆరోపణ చేస్తుంటే ఫారం 25 అఫిడవిట్ వేరే. నకళ్లో డిపాజిట్టో తప్పితే, మీ ఆరోపణ నిజమా కాదా అన్నదాకా పోకుండానే పిటిషన్ కొట్టేస్తారు. 46వ రోజున వెళ్లి జ్వరమొచ్చిందన్నా, రైలు తప్పిందన్నా ఆలస్యాన్ని మన్నించే వీలు లేదు. అదే చట్టం, విచారణను మాత్రం ఆరు నెలల్లో ముగించేందుకు ‘ప్రయత్నించాలి’ అంటుంది. ప్రయత్నం మీ వంతుకు రాదు, మీరు చేసి తీరాలి.

ఫిరాయింపు సంగతి ఇంకా గంభీరమైంది. 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం నిర్ణయం స్పీకర్‌ది. ఎన్నాళ్లలో అన్నది షెడ్యూలులో లేదు. (స్పీకర్ ఏ పార్టీ టికెట్టు మీద గెలిచారని అడగకండి, మర్యాద కాదు.) 2014లో ఎన్నికైన మన అసెంబ్లీలో ప్రతిపక్షం నుంచి 23 మంది అధికారపక్షం పంచన చేరారు, వారిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. అనర్హత పిటిషన్లు తేలకుండానే సభ కాలం తీరిపోయింది. అసాధారణ కారణాలుంటే తప్ప మూడు నెలల్లో తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు అంది. అంత తొందర పనికిరాదనడానికి మన ఊరే సాక్ష్యం. ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణకు నిరసనగా విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేస్తే, అది ఆమోదం పొందింది 2024 జనవరిలో. నాకొద్దు మొర్రో అన్నాయన్ని వదిలించడానికే దాదాపు మూడేళ్లు పట్టింది. వదలనని భీష్మించుకున్న వాళ్ల గురించి ఎంత లోతుగా ఆలోచించాల్సి ఉంటుందో మీరే చెప్పండి.

అవినీతి నిరోధక చట్టం గురించి క్లుప్తంగా. 2018లో చేర్చిన 17ఎ ప్రకారం, అధికారంలో తీసుకున్న నిర్ణయం మీద దర్యాప్తు మొదలెట్టడానికే ముందస్తు అనుమతి కావాలి. లంచం పుచ్చుకుంటూ అక్కడికక్కడే దొరికిపోయిన అమాయకులకు ఈ రక్షణ లేదు. దర్యాప్తయ్యాక, కోర్టు కేసు చేపట్టేముందు 19వ సెక్షన్ కింద మరో అనుమతి. ఇచ్చేది ఆ పదవి నుంచి తొలగించే అధికారం ఉన్నవారు. వాళ్లు ఎవరి మనుషులో చెప్పనక్కర్లేదు.

ఇవేవీ అచ్చిరాకపోతే సోమవారం కలెక్టరేట్‌కు అర్జీ పట్టుకెళ్లండి. ఆ కార్యక్రమం పేరు ఒకప్పుడు మీ కోసం, తర్వాత స్పందన, ఇప్పుడు పీజీఆర్‌ఎస్, అంటే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, సోమవారం మారదు. నాలుగోసారి వెళ్తే గుమ్మం దగ్గరే “ఏటండీ, మళ్లీ వచ్చీసారా?” అని పలకరిస్తారు. ఆ పాటి ఆప్యాయత ఎమ్మెల్యే ఆఫీసులో దొరకదు.

ఎన్నికైనవారిని మధ్యలో దించనే లేమా అంటే, విశాఖలో దించారు కూడా. 2021 మార్చిలో జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, 98 వార్డులకు ఓట్లేశాం. అప్పటి నిబంధన ప్రకారం మేయర్‌పై అవిశ్వాసానికి నాలుగేళ్లు నిండాలి. నిండాయి. 2025 ఏప్రిల్‌లో తీర్మానం నెగ్గింది, మేయర్ దిగిపోయారు. మధ్యలో ఏ వార్డులోనూ ఎవరూ మనసు మార్చుకున్నామని చెప్పలేదు, కార్పొరేటర్లే మార్చుకున్నారు. వెనక్కి పిలిచే హక్కు మన ఓటరుకు లేదు గనుక ఆ శ్రమ కూడా వాళ్లే తీసుకున్నారు, పాపం క్యాంపులకు వెళ్లొచ్చి మరీ. ఇది ఎవరి కోసం జరిగిందని సందేహం ఉంటే జీవీఎంసీ ఎదురుగా గాంధీ విగ్రహం ఉంది, అక్కడ కూర్చుని అడగొచ్చు. ముందు పోలీసు అనుమతి తీసుకోండి. షామియానా ఖర్చు మీదే.