గుంజీలతో ఆ కండకు బలం రాదు

హనుమకొండలో ఒక బడి. లాంగ్ బెల్ కొట్టగానే పిల్లలంతా మేడ మెట్ల మీద నుంచి దడదడా దిగిపోతారు. అందరూ పోయాక ఒక పిల్లాడు వస్తాడు. రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ దిగుతాడు. వాడికి డూషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, కండరాలు క్రమంగా క్షీణించిపోయే జన్యు జబ్బు. పొద్దున ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు. దిగేటప్పుడు ఎవరూ చూడరు. నిజానికి వాడి కండరాలకు ఎక్కువ దెబ్బ దిగేటప్పుడే.

మెట్టు దిగుతుంటే తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, బ్రేకు వేసినట్టు. ఆ ఒత్తిడికి కండర కణం పొర చిరగకుండా డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ కాపాడుతుంది. ఈ పిల్లల్లో అది దాదాపు ఉండదు. చిరిగిన కండ కొన్నాళ్లు తనను తాను బాగుచేసుకుంటుంది. ఆ తర్వాత ఆ చోట కొవ్వు, నారలాంటి కణజాలం చేరతాయి. పిక్కలు లావుగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. 'మావోడి పిక్కలు పహిల్వాన్ లెక్క ఉన్నయ్' అని మురిసిపోయే ఇళ్లూ ఉంటాయి.

గుంజీలు తీసినా జరిగేది ఇదే. పరిగెత్తలేని పిల్లాడిని బద్ధకస్తుడనుకుని గుంజీలు తీయించే సారు, కసరత్తు చేస్తే బలం వస్తుందని బరువులు ఎత్తించే మామయ్య, ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఆడిన మర్నాడు కూడా కండరాలు నొప్పెడుతున్నా, మూత్రం కోలా రంగులో వచ్చినా శ్రమ మితిమీరిందని అర్థం. మూత్రం రంగు మారితే డాక్టరుకు చూపించాల్సిందే.

అలాగని మూలన కూర్చోబెడితే ఇంకో నష్టం. కదలని కండ త్వరగా వాడిపోతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. నెదర్లాండ్స్‌లో 30 మంది పిల్లలతో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మోటారు సాయంతో తిరిగే సైకిల్‌ను 24 వారాలు తొక్కిన వారి కదలికలు నిలకడగా ఉన్నాయి. తొక్కనివారివి తగ్గాయి. మోటారు సాయం అన్నదే ఇక్కడ కీలకం. అలసట రాకముందే ఆపేసే సైకిల్, పక్కన పెద్దవాళ్లున్న ఈత, ఈ రెండూ మంచివే.

తప్పనిసరిగా చేయాల్సింది మాత్రం సాగదీత. మడమ వెనక స్నాయువు (కండను ఎముకకు కలిపే పట్టీ), మోకాలు, తుంటి. వారానికి కనీసం నాలుగు నుంచి ఆరు రోజులు చేయాలన్నది వైద్యుల మాట. మన మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ఫిజియోథెరపిస్టు వచ్చేది వారంలో ఒక రోజు. నర్సంపేట అవతలి ఊరి నుంచి కూలి మానుకుని పిల్లాడిని ఎత్తుకొచ్చే తల్లికి ఆ ఒక్క రోజు చికిత్స కన్నా, తన చేతులకు ఆ పని నేర్పడం ముఖ్యం. ఫిజియో తాను చేయడం తగ్గించి, ఆమె చేత చేయించి చూడాలి. మన దగ్గర ఇది తిరగబడిందని నా అభిప్రాయం. పిల్లాడి పేరు రిజిస్టర్‌లో ఉంటే చాలు, పని అయిపోయినట్టే.

ఆ తల్లి మోసే ఇంకో బరువు, 'మేనరికం చేసుకున్నరు, అందుకే' అనే మాట. డూషెన్ ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది, దానికి మేనరికంతో పని లేదు. సుమారు మూడో వంతు పిల్లల్లో అది జన్యువులో కొత్తగా పుట్టిన మార్పే. మేనరికం ప్రభావం ఉండే కండరాల జబ్బులు వేరే ఉన్నాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రఫీ ఒకటి. బడి భవనం ఈ పిల్లలకు అందుబాటులో ఉండాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. ర్యాంపుకు నిధులు, లిఫ్టుకు టెండర్లు అంటూ ఏళ్లు గడుస్తాయి. ఆ హనుమకొండ బడిలో పై అంతస్తులో ఉన్నది ఏడో తరగతి, కింద ఉన్నది స్టాఫ్ రూము. రెండింటినీ మార్చడానికి ఒక పూట, నలుగురు మనుషులు చాలు.