అంటుకోవాల్సిన చోట తప్ప

తేనెతో వండేవాళ్లు దాన్ని రెండు చోట్లే చూసుకుంటారు: గిన్నెలో ఒకసారి, మాంసం మీద ఒకసారి. తేనె మాత్రం మూడో చోటు వెతుక్కుంటుంది. మా బావ పోర్క్ రిబ్స్ వండిన ఆదివారం దానికి ఇల్లంతా దొరికింది.

బావ మామూలుగా వంటింట్లోకి రాడు. వచ్చినా మంచినీళ్లకే. అలాంటి మనిషి పొద్దున్నే ఏప్రన్ కట్టుకుని, ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టి, "ఇవాళ ఎవరూ ఇటు రావద్దు" అన్నాడు. అక్క ఆ మాటకి ఎంత సంతోషపడిందంటే, ఏం వండుతున్నారని కూడా అడగలేదు. వెళ్లి టీవీ ముందు కూర్చుంది.

ఫోన్‌లో వీడియో నడుస్తోంది. ట్రేలో ఎర్రగా నిగనిగలాడుతూ పక్కటెముకల పలక. వండినాయన రెండు వేళ్లతో ఒక ఎముక పట్టుకుని లాగగానే మాంసం మర్యాదగా పక్కకి తప్పుకుంది. ఆ సీన్‌ని బావ వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. ఎలా వండాలో చెప్పే భాగాన్ని మాత్రం ఒకటిన్నర స్పీడులో పెట్టాడు.

స్పీడు దెబ్బ మొదట పొర దగ్గర తగిలింది. రిబ్స్‌కి ఎముకలు కనిపించే వైపు పల్చటి తెల్లటి పొర ఒకటి ఉంటుంది. ఎంతసేపు ఉడికించినా అది మెత్తబడదు, మసాలాని లోపలికి పోనివ్వదు. తియ్యకుండా వండితే మాంసంతోపాటు ప్లాస్టిక్ కవరు నమిలినట్టే. చెంచా కాడతో ఒక మూల పైకి లేపి, పొడి పేపర్ టవల్‌తో పట్టుకుని లాగితే చాలావరకు ఒకే ముక్కగా ఊడొస్తుంది. ఒకటిన్నర స్పీడులో ఆ పేపర్ టవల్ కాస్తా ఎగిరిపోయింది. బావ ఉత్త వేళ్లతో పట్టుకున్నాడు, జారింది. గోళ్లతో పట్టుకున్నాడు, మళ్లీ జారింది. చివరికి ఒక కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. పొర అలాగే ఉంది. పలక మొత్తం లేచొచ్చి ఆయన ఛాతీని కౌగిలించుకుంది.

"నాన్నా, పందికి ఎన్ని పక్కటెముకలుంటాయి?"

గుమ్మంలో మా మేనకోడలు. ఐదో క్లాసు. ప్రశ్న అడగడానికి సమయం బాగా చూసుకుంటుంది.

"మనకెన్నో దానికీ అన్నే."

"కాదు. మనకి 12 జతలు. దానికి మామూలుగా 14, 15 జతలు. ఇప్పుడే చూశా."

బావ తనవి లెక్కపెట్టుకోబోయాడు. చేతుల నిండా కొవ్వు ఉందని గుర్తొచ్చి ఆగాడు.

సాస్ దగ్గరికొచ్చేసరికి మనిషిలో ఉత్సాహం పొంగింది. సోయా సాస్, కెచప్, బ్రౌన్ షుగర్, కాస్త వెనిగర్, దంచిన అల్లం వెల్లుల్లి, చిల్లీ ఫ్లేక్స్. వీటన్నిటికీ కొలతలు పాటించాడు. తేనెకి మాత్రం కొలత పెట్టడం అవమానం అనుకున్నట్టున్నాడు, సీసా తలకిందులు చేసి పట్టుకున్నాడు. తేనె ముందు రానంటుంది, తర్వాత ఆగనంటుంది. ఆపడానికి సీసా మూతిని వేలితో తుడిచాడు. వేలు నాకాడు. అదే చేత్తో ఫ్రిజ్ తీసి ఇంకో సాస్ బాటిల్ వెతికాడు, డ్రాయర్ లాగి బ్రష్ తీశాడు, ఆగిపోయిన వీడియోని మళ్లీ నడిపించాడు, కుళాయి తిప్పి చెయ్యి కడుక్కున్నాడు. శుభ్రమైన చేత్తో అదే కుళాయిని కట్టేశాడు. ఆ ఒక్క తిప్పుతో కడుక్కున్నదంతా వృథా. కానీ తేనె పల్చగా అంటినప్పుడు కంటికి కనిపించదు కదా.

నేను మంచినీళ్లకని ఫ్రిజ్ తెరిచాను. హ్యాండిల్ నన్ను వెంటనే వదల్లేదు. మేనకోడలు జ్యూస్ కోసం తెరిచింది, ఆ చేత్తోనే వెళ్లి చానెల్ మార్చింది. ఇంకాసేపటికి హాల్లోంచి అక్క గొంతు: "ఈ రిమోట్‌ని ఎవరే నాకింది?"

ఇక్కడ ఈ వంట కిటుకు చెప్పాలి. తీపి సాస్‌ని మొదట్లో పూయకూడదు. మాంసానికి ఉప్పూ కారం పట్టించి, ఫాయిల్‌తో మూసి, సన్నటి వేడి మీద గంటలకొద్దీ మగ్గనిచ్చి, చివరి పదిహేను ఇరవై నిమిషాల్లో సాస్ పూస్తారు. ఆ మాట వీడియోలోనూ ఉంది, నేను విన్నాను. బావకి చెప్పాను కూడా.

"ముందే పూస్తే సాస్ మూడు గంటలు మాంసానికి పడుతుంది. చివర్లో పూస్తే పదిహేను నిమిషాలే పడుతుంది. ఏది ఎక్కువ?" అన్నాడు బావ.

లెక్క కరెక్టే. లెక్కలు కరెక్టుగా ఉన్న వంటలంటేనే నాకు భయం.

రెండువైపులా దట్టంగా పూసి, గిన్నెలో మిగిలింది వేస్ట్ ఎందుకని అది కూడా పైన గుమ్మరించి, మూత గీత ఏమీ లేకుండా ట్రే లోపలికి తోశాడు. తర్వాత వేడి. వీడియోలో ఆయన 300 అన్నాడు. బావ నాబ్ తిప్పుకుంటూ పోతే అది 250 దగ్గర ఆగిపోయింది. ఇంకా తిప్పాడు. కదల్లేదు.

"మన ఒవెన్ 50 తక్కువ. పర్లేదు, ఇంకో అరగంట ఎక్కువ ఉంచితే సరి."

ఆ 300 ఫారెన్‌హీట్. మన ఒవెన్ సెల్సియస్‌ది. ఆయన చెప్పిన వేడి మన లెక్కలో 150 దాకానే. ఏ డిగ్రీల్లోనో చెప్పకుండా ఉత్త అంకె పలికేసి నవ్వే వంటవాళ్లకి ఏదైనా చిన్న శిక్ష ఉంటే బాగుండు. వాళ్లు వాడిన ట్రేలు వాళ్లే కడుక్కోవాలి, అంతే చాలు.

చక్కెర 160 డిగ్రీలకి అటూ ఇటూగా రంగు మారుతుంది. తేనెలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ అనే రకం చక్కెరకి అంత ఓపిక కూడా లేదు, 110 దగ్గరే మొదలుపెడుతుంది. మాంసం పైన వచ్చే ఆ గోధుమరంగు, ఆ కమ్మటి వాసన ఇంకో చర్య వల్ల. లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచ్ ఆయన 1912లో దాని గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 250 డిగ్రీల్లో ఆ తేనె గతేమవుతుందో చెప్పడానికి మాత్రం ఫ్రెంచ్ ఆయన అక్కర్లేదు. ముక్కు చాలు.

ముందు మంచి వాసనే వచ్చింది. అక్క హాల్లోంచి "అబ్బో" అంది. బావ నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. కాసేపటికి వాసనలో కొంచెం చేదు కలిసింది. ముందు మాడింది మాంసం కూడా కాదు, దాని చుట్టూ ట్రేలోకి కారిన సాస్. పల్చటి పొర కదా, బుడగలు కక్కి, నల్లబడి, పొగ మొదలెట్టింది. బావ ఒవెన్ తలుపు తీశాడు, ఎలా ఉందో చూద్దామని. లోపలున్న పొగ కూడా బయట ఎలా ఉందో చూద్దామని వచ్చింది.

స్మోక్ అలారం మోగింది.

దాని అరుపు వింటే చెవుల్లో సూది దూరినట్టే. అక్క పరిగెత్తుకొచ్చి కిటికీలు తెరిచింది, మేనకోడలు చెవులు మూసుకుని ఆనందంగా గంతులేసింది. నేను టవల్ ఊపాను. బావ కుర్చీ ఎక్కి అలారం మధ్యలో ఉన్న బటన్ నొక్కాడు. నొక్కగానే ఊరుకుంది. హమ్మయ్య అనుకుని వేలు తీయబోతే బటన్ కూడా వెంట వచ్చేలా ఉంది. గట్టిగా లాక్కున్నాడు. వేలు వచ్చింది, బటన్ మాత్రం లోపలికి దిగినది దిగినట్టే ఉండిపోయింది. చుట్టూ ఒక సన్నటి మెరుపు గీత. రెండు సెకన్లు ఆలోచించుకుని అలారం మళ్లీ మొదలెట్టింది, ఈసారి పొగతో సంబంధం లేకుండా.

"ఏవండీ, దాన్ని కూడా వండారా?" అంది అక్క.

బ్యాటరీ పీకితే గానీ ఇల్లు శాంతించలేదు.

ట్రే బయటికొచ్చింది. పైన నల్లటి పెచ్చు, పెంకులా గట్టిది. అడుగున పరిచిన ఫాయిల్ ఎక్కడ ఆగిందో, మాంసం ఎక్కడ మొదలైందో తెలియట్లేదు. బావ నిరుత్సాహపడలేదు. కొత్తగా కొన్న థర్మామీటర్ తెచ్చి, పెచ్చు తక్కువున్న చోట చూసి గుచ్చాడు. 66.

"చూడు, 63 దాటితే పోర్క్ తినొచ్చు. కాసేపు పక్కన పెట్టి తినడమే. అయిపోయిందన్నమాట!"

అది నిజమే, ఆరోగ్యానికి ఇబ్బంది లేదు. పళ్లకే ఇబ్బంది. రిబ్స్‌లో కొలాజెన్ అనే బిగువైన మాంసకృత్తు చాలా ఉంటుంది. అది కరిగి మెత్తగా జెలటిన్ కావాలంటే మాంసం లోపలి వేడి 90 దాకా నెమ్మదిగా ఎక్కాలి, ఆ దారిలో గంటలు గడవాలి. మేనకోడలు ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి, ఆగి, మళ్లీ నమిలింది. ఆ తర్వాత చాలాసేపు ప్రశ్నలేమీ అడగలేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

అక్క ఏప్రన్ కోసం చెయ్యి చాపింది. బావ ముడి విప్పబోయాడు, అది కూడా జిగురే. కత్తెరతో కోసింది.

తర్వాత జరిగిందాంట్లో హాస్యం తక్కువ, పని ఎక్కువ. మాడిన పెచ్చుని కత్తితో చెక్కేసింది. ఫాయిల్ అతుక్కున్న చోట్లని నిర్దాక్షిణ్యంగా కోసి పడేసింది. మాంసాన్ని ఇంకో ట్రేలోకి మార్చి, అడుగున అరకప్పు నీళ్లు పోసి, కొత్త ఫాయిల్‌తో ఆవిరి పోకుండా బిగించి మూసి, 150లో పెట్టి, రెండు గంటలదాకా ఎవరూ తలుపు ముట్టుకోవద్దంది. "ముట్టుకుంటే అక్కడే ఉండిపోతారు" అని కూడా అంది.

ఆ రెండు గంటలూ నేనూ బావా వేడినీళ్ల గిన్నె, గుడ్డ పట్టుకుని తేనె వెనకాల తిరిగాం. వేడినీళ్లు తగిలితే ఇట్టే పోతుంది, అది ఉన్న చోటు దొరకడమే కష్టం. దొరికిన చోట్లు: రెండు స్విచ్‌లు, కుర్చీ వీపు, బావ కళ్లజోడు కాడ, గోడ మీద కాలు తన్నిపెట్టిన ముద్ర పక్కన ఒక అరచెయ్యి, సోఫా దిండు, దాని మీద వదలకుండా రిమోట్. బాత్రూమ్ గొళ్లెం దగ్గర కూడా దొరికింది. అక్కడికి ఎవరు మోసుకెళ్లారన్న దానిమీద మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు.

మాడిన ట్రే జోలికి మాత్రం పోలేదు. వేడినీళ్లలో వంటసోడా వేసి రాత్రంతా నానబెడితే గానీ అది మాట వినదు. ఇప్పుడు గీకితే ట్రే పూతే పోతుంది.

సాస్ మళ్లీ చేద్దామంటే తేనె సీసా ఖాళీ. అక్క దాన్ని బోర్లించి, అడుగున మిగిలింది దింపుకుని, తక్కువైనదానికి బ్రౌన్ షుగర్ వేసి, చెంచాకి పట్టేంత చిక్కగా మరిగించింది. ఫాయిల్ తీసేసరికి మాంసం ఎముక చివర్ల నుంచి కాస్త వెనక్కి జరిగి ఉంది. అది ఉడికినట్టు గుర్తు. వేడి 200కి పెంచి, ఐదేసి నిమిషాలకోసారి పల్చగా, పొర మీద పొరగా పూసింది. ఒక్కో పూత ఆరి బిగిసేదాకా ఆగి తర్వాతది. బావ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి "నేను వేసిన పునాది గట్టిది" అంటూనే ఉన్నాడు.

బయటికొచ్చిన పలక వీడియోలో ఉన్నంత ఎర్రగా లేదు గానీ మెరుస్తోంది. ఎముక పట్టి లాగితే వచ్చేసింది. పెదాలకి అంటుకుంటోంది, వేళ్లకి అంటుకుంటోంది. ఆ రోజు మొదటిసారి ఎవరికీ కోపం రాలేదు.

"ఆగండాగండి, ఎవరూ ముట్టుకోకండి, ఫొటో!" అని బావ ఫోన్ అందుకున్నాడు. ఉప్పు డబ్బా కూడా దాంతోపాటే లేచొచ్చింది. దాన్ని పీకి, స్క్రీన్ మీద బొటనవేలు పెట్టాడు. వేలిముద్ర సరిపోలలేదంది. పక్కన పడున్న కోసిన ఏప్రన్‌కి తుడుచుకుని మళ్లీ పెట్టాడు, సరిపోలలేదంది. ఏప్రన్‌కి తుడుచుకున్నందుకే అనుకుంటా. పిన్ కొడదామంటే 2 నొక్కితే 5 పడుతోంది. మొదటి వరస రిబ్స్ ఈలోపు మాయమైపోయాయి. రెండో వరస సగం ఉండగా ఫోన్ తెరుచుకుంది, టకటకా నాలుగు ఫొటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెట్టేశాడు.

ఫొటోలో రిబ్స్ చుట్టూ బంగారు రంగు కాంతి పరుచుకుని ఉంది, అంచులన్నీ మెత్తగా కలలోలా మసకేశాయి. నిమిషంలో జవాబొచ్చింది.

"సూపర్ సార్! ఏం ఫిల్టర్ వాడారు?"

బావ ఫోన్ తిప్పి లెన్స్ చూసుకున్నాడు. చూపుడువేలితో తుడిచాడు. వేలు నాకాడు.