ఏపీ 39 గారికి నెల్లూరు పాదచారి విన్నపం

మహారాజశ్రీ ఏపీ 39 గారికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమంగా ఉన్నారో లేదో అడగక్కర్లేదు. వీఆర్సీ సెంటర్లో కాసేపు నిలబడితే స్కూటీ నంబరు ప్లేటు మీద తమరే, ఆటో మీద తమరే, ఇసుక లారీ మీద తమరే, పూలదండలేసుకుని పోయే పెళ్ళికొడుకు కారు మీద కూడా తమరే. ఎన్నికలప్పుడు నాయకులు కూడా ఇన్ని బండ్ల మీద కనపడరు.

నేనెవరో తమరికి తెలిసే అవకాశం లేదు. నాకు బండి లేదు. నడుస్తాను. సాయంత్రం ఎండ తగ్గాక అయ్యప్పగుడి వైపు నుంచి బయల్దేరి, ఫుట్‌పాత్ మీద బజ్జీల బండికి, హెల్మెట్ల గుట్టకి, పార్కింగ్ చేసిన బుల్లెట్టుకి దారిచ్చుకుంటూ గాంధీబొమ్మ దాకా వస్తాను. నడిచేవాడి కాళ్ళకే గాని బుర్రకు పనుండదు. ఖాళీగా ఉంటే అది అప్పులూ జబ్బులూ గుర్తు చేస్తుంది. అందుకని దాని ముందు ఏదో ఒక ఆట పడేయాలి. ఈ సంగతి నడిచేవాళ్ళందరికీ తెలుసు, ఒక్కరూ పైకి చెప్పరు. మాగుంట లేఔట్‌లో ఒక పెద్దాయన ఎర్ర టైల్ మీద తప్ప అడుగు వేయడు. నల్లది వస్తే చూసేవాళ్ళకి మోకాలి నొప్పి అనిపించేలా చిన్న గంతు వేస్తాడు. బడి నుంచి ఇంటిదాకా ఒకే రాయిని తన్నుకుంటూ వచ్చే పిల్లలున్నారు. వెనక నుంచి లారీ హారన్ వినపడగానే 'అది వచ్చేలోగా ఆ కరెంటు స్తంభం దాటితే పరీక్ష పాస్' అని నడక పెంచే డిగ్రీ అమ్మాయిలున్నారు. లారీ గెలిచేలా ఉంటే స్తంభాన్ని మార్చేస్తారు, అదీ రూల్సులో ఉంది. ఈ ఆటల మీద ఏ ప్రభుత్వం కన్నూ పడలేదు కాబట్టి అన్నీ బతికే ఉన్నాయి. పడింది నా ఆట మీదే.

నాది నంబరు ప్లేట్ల ఆట. ఎదురొచ్చే బండి మీద ఏపీ తర్వాతి రెండంకెలు చూసి, అది దాటిపోయేలోగా జిల్లా చెప్పాలి. 26 మన నెల్లూరుది. 27 ఒంగోలు వాళ్ళది. 03 చిత్తూరు, 04 కడప, 07 గుంటూరు, 16 బెజవాడ, 21 కర్నూలు, 31 విశాఖ. ఆదిలాబాద్‌కు 01 ఇచ్చి, ఇంచుమించు ఇంగ్లీషు అక్షరాల వరసలోనే పంచుకుంటూ పోయారు. అక్కడక్కడా వరస తప్పింది కూడా. నిజామాబాద్ 25గా మనకంటే ముందు దూరింది. అది ఎవరి రికమండేషనో ఇప్పుడు ఆరా తీసి లాభం లేదు, ఆ జిల్లా రాష్ట్రమే వేరైపోయింది.

జిల్లా చెప్పడంతో ఆట అయిపోతుందనుకునేరు. అసలు మజా ఆ తర్వాతే. 07 లారీ మీద మిర్చి టిక్కీలుంటే రేటు బాగుందేమో అనుకోవాలి. సంక్రాంతి ముందు మన వీధిలో 37 కారు ఆగితే ఎవరింటికో పశ్చిమ గోదావరి అల్లుడు దిగాడన్నమాట. 30 నంబరు సుమో కనిపిస్తే శ్రీకాకుళం వాళ్ళు, వెనక సీట్లో గుండ్లు లెక్కపెట్టుకోవచ్చు. తిరుమల దర్శనం అయిపోయింది, చేపల పులుసు కోసం బండిని హైవే దింపి ఊళ్ళోకి తిప్పారు. పైసా ఖర్చు లేకుండా, ఎవరినీ పలకరించకుండా, ఇన్ని కాపురాల సంగతులు తెలిసేవి.

రెండో ఆట కూడికలు. చివరి నాలుగంకెలూ కూడి ఒక్క అంకె తేల్చాలి. 4972 వచ్చిందనుకోండి. నాలుగూ తొమ్మిదీ పదమూడు, ఏడు కలిపితే ఇరవై, ఇంకో రెండు ఇరవై రెండు, రెండూ రెండూ నాలుగు. ఈలోగా బండి గాంధీబొమ్మ దాటిపోతుంది. కిటుకేమిటంటే తొమ్మిదిని చూసీ చూడనట్టు వదిలేయాలి. నాలుగూ ఏడూ రెండూ పదమూడు, ఒకటీ మూడూ నాలుగు. అదే జవాబు. తొమ్మిదిని కలిపినా తీసేసినా తేలే అంకె మారదు. లెక్కలో చీమంత తేడా తేలేని ఆ తొమ్మిది కోసమే మనవాళ్ళు నంబర్ల వేలంలో లక్షలు పోస్తారు. నిజానికి 1 నుంచి 9999 దాకా తొమ్మిది తేలే నంబర్లు 1111 ఉన్నాయి. అంటే తొమ్మిది బండ్లకొకటి చొప్పున అదృష్టం ఊరికే వచ్చి పడుతోంది. పాపం, ఈ ముక్క వేలంలో చేయెత్తేవాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

ఇలా కూడుకుంటూ పోతుంటే టీకొట్టతను ఒకసారి ఆపాడు. "ఏందన్నా, నీలో నువ్వే గొణుక్కుంటా పోతుండావు, అప్పులా?" "కాదబ్బా, కూడికలు," అన్నాను. "రెండూ ఒకటే గదన్నా," అన్నాడు.

జిల్లా నంబర్లను కూడా ఇలాగే కూడి చూశాను. మన 26 ఎనిమిది, శని అంకె. పక్కనే 27 తొమ్మిది. 1970లో జిల్లా కట్టుకోవడానికి మన తాలూకాలు కొన్ని పట్టుకుపోయిన ఒంగోలు వాళ్ళకి వేలం పాడకుండానే తొమ్మిది తగిలింది. మనకేమో శని. అయినా ఏనాడూ బాధపడలేదు, ఎనిమిదైనా అది మన ఎనిమిది. తమరిది మూడు, గురువుగారి అంకె. అందుకే ఈ పాఠం నేర్పారు కాబోలు.

2019లో తమరు దిగారు. రాష్ట్రమంతా ఒకటే కోడ్, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ బండి కొన్నా 39 తగిలించారు. ఆఫీసుల్లో పని తేలికైందేమో, కాదనను. నా పని మాత్రం మరీ తేలికైపోయింది. ఎదురుగా వచ్చే బండి ఏ జిల్లాదిరా అంటే, ఆంధ్రప్రదేశ్‌ది. ఆ మాట చెప్పడానికి వీఆర్సీ సెంటర్ దాకా నడిచి రావాలా సామీ? అదే ఏడాది దేశమంతటా కొత్త బండ్లన్నిటికీ ఒకే రకం హైసెక్యూరిటీ ప్లేట్లు కూడా తప్పనిసరి అయ్యాయి. 8055ని వంకర్లు తిప్పి 'బాస్' అని చదివించే కళాకారుల నోట్లో మట్టి కొట్టారు. పోలీసు ఫైన్లకు అదే మంచిదిలెండి, దాని మీద నాకు పెద్ద పట్టింపు లేదు.

చిత్రం ఏమిటంటే పరాయి రాష్ట్రం బండ్లు మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నాయి. తమిళనాడు వాళ్ళ 01 చెన్నై, 20 తిరువళ్ళూరు. కర్ణాటక 01 చూస్తే బెంగళూరు. చెన్నైవాడి బండిది ఏ పేటో చెప్పగలను గానీ, నన్ను రాసుకుంటూ పోయిన పల్సర్‌ది కావలో కాకినాడో చెప్పలేను. తిట్టేటప్పుడు ఊరు తెలియకపోతే తిట్టు కుదరదు, ఈ కష్టం తమరికి అర్థం కాదు.

పాత ప్లేట్లు ఎంత నికార్సైనవో చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు కొత్తగా కోశారు. కందుకూరు మన జిల్లాలో కలిసింది, గూడూరు తిరుపతి జిల్లాకు పోయింది. కందుకూరు బండ్లు 27 తగిలించుకునే నెల్లూరు కలెక్టరాఫీసుకు వచ్చాయి. గూడూరు బండ్లు 26 తోనే తిరుపతి వెళ్ళాయి. పటాలు గీసేవాళ్ళు ఎన్నిసార్లు చెరిపి గీసినా ఆ ప్లేట్లు పుట్టిన చోటు దాచుకోలేదు. తమరికేమో పుట్టినచోటే లేదు.

జిల్లా లేకపోతే జనం అంతా ఒకటైపోతారని ఎవరైనా అనుకుని ఉంటే, వాళ్ళని ఒక్క సాయంత్రం నాతో నడవమనండి. ప్లేటు చదవడానికేం లేదు కాబట్టి ఇప్పుడు వెనకద్దాలు చదువుతున్నాను. కులం పేరు ఇంతెత్తు అక్షరాల్లో, దాని కింద హీరో బొమ్మ, పక్కన పార్టీ రంగు. ఈ స్టిక్కర్లు ముందూ ఉన్నవే. కానీ అప్పుడు వాటికంటే ముందు నా కంటికి 26 ఆనేది, 'మనోడే' అనుకుని ముందుకు పోయేవాణ్ణి. ఇప్పుడు బండివాడు ఎవరో తెలుసుకోవాలంటే ఆ అద్దం మీద వాడు రాయించుకున్నదే దిక్కు. ఊరు చెప్పే రెండంకెలు తీసేసి కులం చెప్పే స్టిక్కర్ను అలాగే ఉంచిన ఏర్పాటుకి సంస్కరణ అనే పేరెందుకో, తీరికున్నప్పుడు సెలవివ్వండి.

ఇట్లు,
తమరి పక్కనుంచే రోజూ నడిచే,
26 వాడు

తా.క.: రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, విదేశీ రొట్టె అని పేరు పెట్టి పట్టుకుంటారు కదా, ఈసారి 26 రొట్టె పట్టుకుందామని ఉంది. కాకపోతే కోరిక తీరినవాళ్ళే ఆ రొట్టె తెచ్చివ్వాలి. ముందు ఒక్కరికైనా 26 వచ్చి ఉండాలిగా, చిక్కంతా అక్కడే ఉంది.