అత్తారింటి ఖాతా

జైలుకు పోయినవాణ్ని మన ఊళ్లలో "అత్తారింటికెళ్లాడు" అంటారు. మాట వెటకారమే గానీ అందులో కాస్త భరోసా కూడా ఉంది. అక్కడ కూర్చోబెట్టి తిండి పెడతారని. చిప్పకూడే కావచ్చు, అయినా సర్కారువారి కూడు. అమెరికావాళ్లు ఈ మర్యాదను సంస్కరించారు. అక్కడ అల్లుడు అత్తారింట్లోనే ఉంటాడు. సబ్బు దగ్గర్నుంచి స్టాంపు దాకా ఖర్చులు మాత్రం కన్నతల్లి పంపాలి. ఈ ఏర్పాటు పేరు కమిస్సరీ, అంటే జైలు లోపలి దుకాణం. ఆ మాట ఎప్పుడు విన్నా నాకు కమీషన్ అనే వినపడేది. వయసు మీద పడి చెవులు పోతున్నాయేమో అనుకున్నాను. దుకాణం నడిపే కంపెనీ అమ్మకాల్లోంచి జైలుకు వాటా ఇచ్చే ఆచారం చాలా కౌంటీల్లో ఉందని తెలిశాక బెంగ తీరింది. చెవులు భేషుగ్గా ఉన్నాయి.

పద్ధతి చాలా శాస్త్రీయం. లోపల చేతిలో నోటు కనిపిస్తే నేరం కాబట్టి ప్రతి ఖైదీకీ నంబరుతో ఒక ఖాతా ఉంటుంది. బయటివాళ్లు అందులో డబ్బు వేయాలి. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు ఖైదీ ఏ మూల జైల్లో ఉన్నా, పోస్టులో పంపే మనియార్డరు మాత్రం అయోవా రాష్ట్రంలోని డెమోయిన్‌కు పోవాలి. అంత ఆగలేని తల్లికి వెస్ట్రన్ యూనియన్ ఉంది, మనీగ్రామ్ ఉంది. రాష్ట్రాల జైళ్లకైతే జేపే లాంటి కంపెనీల యాప్‌లున్నాయి. వాటికి రుసుము ఉంటుంది. బిడ్డ మీద ఆత్రానికి ధర కట్టడం మన పూర్వీకులకు తట్టలేదు. ఖాతా నిండాక ఖైదీ ఒక కాగితం మీద టిక్కులు పెట్టి ఇస్తే, వారానికోసారి సంచీ వస్తుంది. ఆ రోజు లాక్‌డౌన్ అని అందర్నీ గదుల్లోనే బంధించారా, సంచీ వచ్చే వారానికి.

ఇంతకంటే ఇంటి నుంచి నాలుగు పళ్లు కట్టి పంపొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 దాకా అలాగే పంపేవారు. ఆ ఏడాది నుంచి తిండి పొట్లాలను అమ్మకందారు కంపెనీల ద్వారానే పంపాలన్నారు. పొట్లాల్లో నిషిద్ధ వస్తువులు వస్తున్నాయట. కాదనను. బజారు ధరకు కొన్న యాపిల్ పండు కంటే నిషిద్ధమైన వస్తువు దుకాణందారుకు ఇంకేముంటుంది? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అని మనవాళ్లు అన్నారు గానీ, ఆ సామెతలో పాపం అమ్మను ఇరికించారు. ఇక్కడ పెట్టాలనుకుంటున్నది అమ్మ ఒక్కతే.

సోమరిపోతులు, పని చేసుకుని కొనుక్కోవచ్చుగా అంటారు కొందరు. చేస్తున్నారు. ఫెడరల్ జైళ్లలో ఊడ్చడం, వండటం లాంటి పనులకు గంటకు 12 నుంచి 40 సెంట్ల జీతం. వైద్యుణ్ని చూడాలంటే 2 డాలర్ల రుసుము. అంటే అట్టడుగు జీతగాడు 17 గంటలు చీపురు పడితే నడుం నొప్పి చూపించుకోవచ్చు. ఆ నొప్పి చీపురు పట్టడం వల్ల రాలేదనే అనుకుందాం.

టెక్సాస్ ఇంకా ముందుంది. అక్కడ మామూలు పనికి జీతం సున్నా. డాక్టరు రుసుము 13 డాలర్ల 55 సెంట్లు. సున్నాను ఎన్ని గంటలతో హెచ్చవేస్తే 13.55 వస్తుందో మా లెక్కల మాస్టారు బతికుంటే అడిగేవాణ్ని. టెక్సాస్‌వాళ్లు మాస్టారు లేకుండానే తేల్చేశారు. రుసుమును అప్పుగా రాసుకుంటారు, ఇంటి నుంచి డబ్బు పడగానే సగం మళ్లించుకుంటారు. అమ్మ నూడుల్స్ కోసం పంపింది కొడుకు దగ్గుకు పోతుంది. కాలిఫోర్నియాలో బాధితుల పరిహారం బాకీ ఉంటే, ఇంటివాళ్లు పంపినదాంట్లోనూ కోత పడుతుంది. నేరం చేసింది కొడుకు, వాయిదాలు కట్టేది తల్లి. అమెరికాలోని ఇలాంటి కుటుంబాల మీద ఎల్లా బేకర్ సెంటర్ వగైరా సంస్థలు 2015లో ఒక అధ్యయనం చేస్తే, కోర్టు ఖర్చుల భారం మోసేవాళ్లలో 83 శాతం ఆడవాళ్లే అని తేలింది. మగవాళ్లు ఏం చేస్తున్నారని అడక్కండి. చాలామంది లోపలున్నారు.

ఆర్థికవేత్తలు ఈ ఖాతాలను సరిగ్గా గమనించలేదని నా ఫిర్యాదు. 2004లో ఫెడరల్ జైళ్లలో పొగాకు నిషేధించాక, అంతకుముందు సిగరెట్లతో నడిచిన లావాదేవీలు కానాగంత చేపల పొట్లాల మీదికి మారాయి. పొట్లం ధర ఇంచుమించు డాలరు, త్వరగా పాడవదు, తినాలనిపించదు. రూపాయికి ఇన్ని సుగుణాలెక్కడివి? తర్వాత కొన్నిచోట్ల నూడుల్స్ పొట్లం చలామణిలోకి వచ్చింది. ఆకలి పెరిగితే నాణెమే నోట్లోకి పోతుందన్నది ఈ వ్యవస్థలో ఉన్న ఒకే ఒక్క లోపం.

ఇదంతా మనకెందుకు అనకండి. 2019 జనవరిలో అమెరికా అధికారులు ఫార్మింగ్టన్ పేరుతో తామే పెట్టిన దొంగ విశ్వవిద్యాలయం కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. వారిలో తెలుగు పిల్లలే ఎక్కువ. ఇమిగ్రేషన్ నిర్బంధ కేంద్రాల్లోనూ ఇదే దుకాణం, ఇదే ఖాతా. అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తే రోజుకు 1 డాలరు అన్నది దశాబ్దాల నాటి రేటు. ఎం.ఎస్. చదివించడానికి ఇక్కడ పొలం తాకట్టు పెట్టిన నాన్నకు, డాలర్లు రావాల్సిన దారిలోనే ఎదురు పంపాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మనమూ మరీ వెనకబడి లేం. 1796లో కట్టిన సంగారెడ్డి జైలును మ్యూజియం చేసి, 500 రూపాయలిస్తే ఒక రోజు ఖైదీగా ఉండనిచ్చే పథకం 2016లోనే పెట్టారు. కానీ మనవాళ్లు డబ్బు తీసుకున్నది సరదాపడి వచ్చినవాళ్ల దగ్గర. కనెటికట్ రాష్ట్రం కోర్టు పంపినవాళ్ల దగ్గరే రోజుకు 249 డాలర్ల లెక్కన గది అద్దె వేసింది. జనం మరీ గోల పెడితే 2022లో చాలా నేరాలకు ఆ బాదుడు తీసేశారు. ఐడియా మనది, మార్కెటింగ్ వాళ్లది.

అత్తారింటి నుంచి బయల్దేరే అల్లుడికి కొత్తబట్టలు పెట్టడం మన ఆచారం. అక్కడ డెబిట్ కార్డు పెట్టేవారు. ఖాతాలో మిగిలిన సొమ్ము చేతికివ్వకుండా కార్డులో వేసి, ఆ సొమ్ము వాడుకోబోతే మళ్లీ రుసుములు కోసేవారు. ఈ ముచ్చట వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ దాకా పోతే, అది 2021 అక్టోబరులో జేపే కంపెనీని 40 లక్షల డాలర్లు తిరిగివ్వమని, పైన 20 లక్షలు జరిమానా కట్టమని ఆదేశించింది. పాపం, జరిమానా కట్టాల్సి వచ్చినవాళ్లకు ఇంటి నుంచి డబ్బు పంపేవాళ్లుండాలి కదా. ఆ కంపెనీకి అమ్మలకేం కొదవ? కొన్ని లక్షల మంది ఉన్నారు.