ముందు విడివిడిగా అడగండి
తాగి భార్యని కొట్టే భర్త మందు మానితే కొట్టడమూ ఆగుతుందని, భార్యాభర్తల్ని ఒకేచోట కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇవ్వాలని మీరు రాశారు. రెండో మాట చదివి భయమేసింది. మా అక్క అలాగే కూర్చుంది. ఏమడిగినా ముందు బావ మొహం చూసి, "ఏం లేదండీ" అనేది. అక్కడ నోరు విప్పితే ఇంటికెళ్లాక ఏమవుతుందో తనకి తెలుసు. తాగుడు హింసను పెంచుతుంది, నిజమే. కానీ తాగని రోజు కూడా ఫోన్ లాక్కుని, ప్రతి రూపాయికీ లెక్కడిగే మనిషికి డీఅడిక్షన్ ఒక్కటే చాలదు, ఆ ప్రవర్తన మీద వేరే పని జరగాలి. ఇంకోటి, ఏళ్లుగా రోజూ విపరీతంగా తాగేవాళ్లని ఇంట్లో ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి 48 గంటల్లోనే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ కనిపెట్టుకుని ఉండాలి. అక్కని విడిగా అడిగింది ఒక నర్సు. తలుపు మూసి, "ఇంటికెళ్లాలంటే భయంగా ఉందా అమ్మా?" అంది. అక్క అప్పుడు ఏడ్చింది.