కిస్తీ సంఘం పేరున, స్కోరు ఎవరి పేరున?

పది మంది సభ్యులున్న డ్వాక్రా సంఘానికి బ్యాంకు రూ.10 లక్షలు ఇస్తుంది. బ్యాంకు కంప్యూటర్లో అది ఒకే ఖాతా, నెలకు ఒకే కిస్తీ. సంఘంలో ఆ డబ్బును చాలాచోట్ల తలా లక్ష పంచుకుంటారు. కొన్నిచోట్ల గేదెలు కొనేవారికి లక్షన్నర, కుట్టుమిషను పెట్టుకునేవారికి అరవై వేలు, ఇలా అవసరాన్ని బట్టి సర్దుకుంటారు. ఎవరు ఎంత తీసుకున్నారు, ఏ నెల ఎవరు ఎంత కట్టారు అన్న లెక్క మినిట్స్ పుస్తకంలోనూ అప్పుల లెడ్జరులోనూ ఉంటుంది. ఇరవై ఏళ్లు కిస్తీ తప్పని మహిళ రేపు సొంతంగా కిరాణా కొట్టు పెట్టుకుందామని అప్పుకు వెళితే, బ్యాంకు తెర మీద ఆమె క్రెడిట్ స్కోరు గడిలో ‘-1’ కనిపించవచ్చు. అప్పు చరిత్ర లేదని దాని అర్థం.

2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ‘గ్రామీణ్ క్రెడిట్ స్కోర్’ సరిగ్గా ఈ లోటు మీదే గురిపెట్టింది. స్వయం సహాయక సంఘాల సభ్యులకు, గ్రామీణులకు సరిపోయే స్కోరు విధానాన్ని ప్రభుత్వరంగ బ్యాంకులు తయారు చేయాలన్నది ఆ ప్రకటన సారం. మంచి ఆలోచనే, ఎప్పుడో రావలసింది. కానీ చర్చంతా స్కోరు సూత్రం చుట్టూ, కృత్రిమ మేధ చుట్టూ తిరుగుతోంది. అసలు చిక్కు సూత్రంలో లేదు. లెడ్జరులోని లెక్క ఆమె పేరున క్రెడిట్ బ్యూరోకు, అంటే అందరి అప్పుల చరిత్ర సేకరించి స్కోరు ఇచ్చే సంస్థకు, చేరకపోవడంలో ఉంది.

ఇప్పుడున్న స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. కిస్తీలు సమయానికి కట్టారా, క్రెడిట్ కార్డు పరిమితిలో ఎంత వాడారు, ఖాతాల వయసెంత, ఈమధ్య ఎన్నిచోట్ల అప్పు అడిగారు అన్నవి అందులో ప్రధానం. స్కోరు లెక్కకట్టే కొత్త మోడళ్లు దీనికి మరికొన్ని కలుపుతున్నాయి. ఒక్క రోజు బాకీని చూసి ఊరుకోకుండా రెండు మూడేళ్లలో ఆ బాకీ ఎటు కదిలిందో చూస్తాయి. ఒక సంస్థ దగ్గరున్న ఖాతా వివరాలను మరో సంస్థకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా, ఖాతాదారు సమ్మతితో, బ్యాంకు ఖాతాలో డబ్బు రాకపోకలు చూస్తాయి. చిన్న వ్యాపారి అయితే జీఎస్టీ రిటర్నులు చూస్తాయి.

నెలజీతగాడికి, పట్టణంలో దుకాణదారుకు ఇవి బాగానే పనికొస్తాయి. డ్వాక్రా మహిళ దగ్గరికొచ్చేసరికి వీటిలో చాలా భాగం ఖాళీ. పాల డబ్బు నగదుగా వస్తుంది. ఫోన్ భర్త పేరునో కొడుకు పేరునో ఉంటుంది కాబట్టి ఆ ఫోనులోని యూపీఐ చెల్లింపులు ఆమె ఆదాయాన్ని చెప్పవు. ఆమె గురించి నిజం చెప్పే లెక్క వేరే ఉంది. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు ఏళ్లుగా సంఘాల గ్రేడింగ్‌కు కొలమానం. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం, అంటే సంఘాలకు నేరుగా బ్యాంకు అప్పు ఇప్పించే ప్రయోగం, మొదలుపెట్టింది. ఆనాటి నుంచి బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకుండా అప్పు ఇస్తున్నది ఇలాంటి కొలతల మీదే. ఇదీ ఒక స్కోరింగ్ మోడలే. కాకపోతే మార్కులు సంఘానికి పడతాయి, మనిషికి పడవు.

సభ్యుల వారీ వివరాలు క్రెడిట్ బ్యూరోలకు పంపాలని ఆర్‌బీఐ 2016లోనే బ్యాంకులను ఆదేశించింది. ఆ వివరాలు ఎలా పంపుతారన్న దగ్గర పెద్ద ప్రమాదం పొంచి ఉంది. సంఘం ఖాతా పరిస్థితిని పది మందికీ అలాగే అంటించేస్తే ఏమవుతుందో చూడండి.

నెల కిస్తీ రూ.30 వేలు, తలా రూ.3 వేలు అనుకుందాం. ఒకామె కట్టడం మానేసింది. మిగతా తొమ్మిది మంది ప్రతి నెలా ఠంచనుగా రూ.27 వేలు కడుతున్నారు. ఇలా నిర్ణీత కాలంలో కిస్తీలుగా తీర్చే టర్మ్ లోనులో వచ్చిన సొమ్ము ముందు పాత బాకీకి జమవుతుంది. కనుక రెండో నెల కట్టిన రూ.27 వేలలో రూ.3 వేలు మొదటి నెల లోటుకు పోతాయి. రెండో నెల కిస్తీలో రూ.6 వేలు తక్కువ పడతాయి. మూడో నెల రూ.9 వేలు. ఆలస్య రుసుము లెక్క పక్కనపెట్టినా, ఖాతా ప్రతి నెలా ముప్ఫై రోజుల దాకా ఆలస్యంలోనే ఉంటుంది. పదో నెలకు పూర్తిగా ఒక కిస్తీ వెనకబడుతుంది. పదకొండో నెల నుంచి ఆలస్యం అరవై రోజుల వైపు జరుగుతుంది. ఇన్నాళ్లూ గడువు తేదీకి తన వాటా కట్టిన మహిళ రిపోర్టులో నెల నెలా ఆలస్యం గుర్తు పడుతూనే ఉంటుంది. ఆ గుర్తు చూసిన కొత్త మోడల్ ‘ఈమె ధోరణి దిగజారుతోంది’ అని తేలుస్తుంది. కదలికను పట్టుకోవడం ఆ మోడల్ గొప్పతనం. తప్పుడు కదలికను కూడా అది అంతే నిక్కచ్చిగా పట్టుకుంటుంది.

అందుకని సభ్యురాలి వాటా, ఆమె కట్టిన తేదీ ఆమె స్కోరుకు ఆధారం కావాలి. సంఘం ఖాతా స్థితిని పక్కన మరో సమాచారంగా చూపితే చాలు. పక్కవారి బాకీని తన జేబులోంచి సర్దిన సభ్యురాలుంటే అది ఆమెకు మార్కులు తేవాలి. ఇప్పటి నమూనాల్లో దానికి గడే లేదు.

పేర్ల గొడవ మరొకటి. బ్యూరో పేరు, పుట్టిన తేదీ, పాన్, ఓటరు కార్డు, ఫోన్ నంబరు, చిరునామా కలిపి మనిషిని గుర్తుపడుతుంది. మన దగ్గర ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటుంది, పాన్‌లో వెనకుంటుంది, సంఘం పుస్తకంలో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, కొన్ని కార్డుల్లో మారదు. పుట్టిన తేదీ తెలియక ఏడాది మాత్రమే చెప్పినవారికి జనవరి 1 పడిపోయిన కార్డులు ఊరూరా ఉన్నాయి. ఒకే మండలంలో ‘కె. లక్ష్మి, జనవరి 1’ ఇద్దరు ముగ్గురుంటే ఒకరి బాకీ మరొకరి ఖాతాలో కలవడానికి ఎంతోసేపు పట్టదు. లేదా ఒకే మనిషి చరిత్ర రెండు ముక్కలై, ఏ ముక్కా స్కోరుకు చాలదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణకు ప్రత్యేకమైన మరో సంగతినీ మోడల్ తయారుచేసేవారు గుర్తుంచుకోవాలి. 2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణమాఫీ హామీ వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో సంఘాలు కిస్తీలు ఆపేశాయి. అంతకుముందు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ 2010 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో వాటి వసూళ్లు కుప్పకూలాయి. గణాంకాలు మాత్రమే చూసే యంత్రానికి ఆ ఏళ్లలో ఈ జిల్లాల మహిళలంతా ఎగవేతదారులుగా కనబడతారు. నిజానికి అది హామీల ప్రభావం, చట్టం ప్రభావం. మోడల్‌కు శిక్షణ ఇచ్చేటప్పుడు అలాంటి కాలాలను విడిగా పక్కకు తీయకపోతే, పిన్‌కోడే నేరమైపోతుంది.

బ్యాంకు లోపలి సంగతి కూడా చెప్పుకోవాలి. కొత్త స్కోరు వచ్చిన మర్నాడే బ్రాంచిలో అమలు కాదు. ముందు పాత అప్పుల మీద నడిపి చూస్తారు. పన్నెండు నెలల్లోనో ఇరవై నాలుగు నెలల్లోనో తొంభై రోజులు బాకీపడినవారిని ‘చెడ్డ’ ఖాతాగా పెట్టుకుని, కొత్త స్కోరు వారిని ముందే పట్టిందా లేదా అని కొలుస్తారు. తర్వాత కొన్ని నెలలు పాత పద్ధతి పక్కనే నీడలా నడుపుతారు. డ్వాక్రాలో ఇక్కడ ఒక విచిత్రమైన అడ్డంకి ఉంది. వసూళ్లు బాగుండడంతో చెడ్డ ఖాతాలు తక్కువ. ఎగవేసినవారు సరిపడా లేనిచోట, మంచికీ చెడుకూ తేడా నేర్చుకోలేని మోడల్ వయసు, ఊరు, చిరునామా లాంటి పనికిరాని ఆనవాళ్లను పట్టుకు వేలాడుతుంది. పైగా పది మంది కళ్ల ముందు కట్టిన మనిషి ఒంటరిగా కూడా అలాగే కడుతుందా అన్న ప్రశ్న ఉంది. బ్యాంకర్ల ఈ సందేహం న్యాయమైనదే. దానికి జవాబు తిరస్కారం కాదు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర పథకంలోని ‘శిశు’ విభాగం కింద రూ.50 వేల లోపు అప్పుతో మొదలుపెట్టి, ఆ కిస్తీల తీరు చూసి పెంచుకుంటూ పోవచ్చు.

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్లందరికీ అక్కడి క్రెడిట్ స్కోరు ఫైకో తెలుసు. అక్కడ గృహరుణాల కోసం ఫైకో 10టీ, వాంటేజ్‌స్కోర్ 4.0 అనే కొత్త మోడళ్లకు 2022 అక్టోబరులో నియంత్రణ సంస్థ ఆమోదం లభించింది. వాంటేజ్‌స్కోర్ 4.0ను వాడుకోవచ్చని రుణదాతలకు చెప్పేసరికి 2025 జులై వచ్చింది. అంత సమాచారం, అన్ని కంప్యూటర్లు ఉన్నచోటే ఇంత నిదానం. మనకు తొందరపాటు కంటే లెడ్జరు శుద్ధి ముఖ్యమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఈలోగా బ్రాంచిలో జరుగుతున్న ఒక పని మాత్రం ఆగాలి. ‘-1’ కనబడగానే దరఖాస్తు పక్కన పడేయడం. తొలిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని ఆర్‌బీఐ 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్‌లో సూచించింది. కనీస స్కోరు ఇంత ఉండాలన్న నియమం ఏదీ లేదని ఆర్థిక శాఖ అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటుకు చెప్పింది. తిరస్కరిస్తే ప్రధాన కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

సంఘాలు చేయగలిగింది కూడా ఉంది. మన క్రెడిట్ బ్యూరోలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఒక్కోటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సభ్యులందరి రిపోర్టులూ తీసి, నెలవారీ సమావేశంలో లెడ్జరు పక్కన పెట్టి చూడాలి. పేరు, పుట్టిన తేదీ, అప్పు మొత్తం, ఆలస్యపు రోజులు, తనది కాని ఖాతా ఏదైనా ఉందా అన్నవి మొదట చూడవలసినవి. తప్పుంటే బ్యూరోకు ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోవాలి. బ్యాంకు 21 రోజుల్లో సవరణ పంపాలి, మొత్తం 30 రోజుల్లో పని ముగియాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఫిర్యాదుదారు ఖాతాలో పడాలి. అప్పటికీ తేలకపోతే క్రెడిట్ బ్యూరోల మీద కూడా ఫిర్యాదులు పరిష్కరించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఆర్‌బీఐ నంబరు 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పక్కన ఫిర్యాదు నంబరు, లెడ్జరులో మీ వాటా కట్టిన పేజీ ఉంచుకోండి.