సవరణ: తప్పు కొబ్బరి మట్టది కాదు

అమలాపురంలో మా ఇంట్లో కొన్ని సైట్లు వస్తున్నాయి, కొన్ని తెల్లగా ఆగిపోతున్నాయని మొన్న రాశాను. కొబ్బరి మట్ట పడి ఫైబర్ తీగ వంగిందని, డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రసు వెతికిపెట్టేది) గూగుల్ వాళ్ల 8.8.8.8కి మార్చుకోమని కూడా చెప్పేశాను. రెండూ తప్పే.

తీగ వంగితే అన్ని సైట్లూ సతాయించాలి. డీఎన్ఎస్ పోతే సైటు అడ్రసే దొరకదు. మాకేమో కనెక్ట్ అయ్యాక పేజీ తిరుగుతూ కూర్చునేది. అసలు కారణం ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) ఎన్ని బైట్ల వరకు ఉండొచ్చో చెప్పే హద్దు. మాది పీపీపీఓఈ కనెక్షన్, అంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం. ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు దానికే పోతాయి, కాబట్టి 1500 పట్టదు, 1492 వరకే. కొత్త రౌటర్ పెట్టినప్పుడు 1500 అని కొట్టింది నేనే! పట్టని ప్యాకెట్ వచ్చినప్పుడు ‘చిన్నది పంపు’ అని వెనక్కి కబురు వెళ్లాలి. దారిలో ఏ ఫైర్‌వాలో (వచ్చేపోయే డేటాను వడకట్టే కాపలా) ఆ కబురుని ఆపేస్తే ఆ సైటు మొరాయిస్తుంది.

పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) వస్తోంది కదా అని ఇన్నాళ్లూ ఇటు చూడలేదు. విండోస్‌లో మామూలు పింగ్ 32 బైట్లే, అది ఎక్కడైనా దూరిపోతుంది. ముక్కలు చేయొద్దని చెప్పి 1472 బైట్లు పంపితే ఆగింది, 1464 వెళ్లింది. ప్యాకెట్ ముందుండే అడ్రసు వివరాలు, అంటే హెడర్లు, 28 బైట్లు కలిపితే సరిగ్గా 1492.

డీఎన్ఎస్ మార్చేసినవాళ్లు అలాగే ఉంచుకోవచ్చు, నష్టమేం లేదు. లైన్ చూసే తమ్ముడే పాపం, నా మాట నమ్మి వానలో నిచ్చెనెక్కాడు.